పిల్లల వైద్యం: ఆపరేషన్‌కు కవరేజీ ఉంది, దాని ముందూ వెనుకా ఎవరు చూస్తారు?

గంటస్తంభం టీచరు (విజయనగరం):

సభ్యులందరికీ నమస్కారం. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 సెప్టెంబరులో సార్వత్రిక ఆరోగ్య విధానానికి ఆమోదం తెలిపింది. కుటుంబానికి ఏటా 2.5 లక్షల రూపాయల వరకు అయ్యే వైద్యాన్ని బీమా కంపెనీ భరిస్తుందని, పేద కుటుంబాలకు అంతకు పైబడి 25 లక్షల వరకు అయ్యేదాన్ని ప్రభుత్వ సంస్థ అయిన ఎన్టీఆర్ వైద్య సేవా ట్రస్టు భరిస్తుందని, 1.63 కోట్ల కుటుంబాలకు 3,257 రకాల చికిత్సలు అందుతాయని ప్రభుత్వం ప్రకటించింది. దీనినే హైబ్రిడ్ విధానం అంటున్నారు. ఆనాటి నుంచి పత్రికల్లో నేను చదువుతున్నదంతా ఆసుపత్రుల బకాయిల గురించి, ప్రీమియం గురించి, ట్రస్టు మేలా బీమా మేలా అన్న వాదన గురించి. పిల్లల ప్రస్తావన దాదాపు కనిపించడం లేదు కాబట్టి ఈ చర్చను మొదలుపెడుతున్నాను.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. మా ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయికి కీళ్లవాతపు జ్వరం వచ్చి గుండె కవాటం కొంత దెబ్బతిన్నది. మూడు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ తప్పకుండా వేయించాలని పెద్దాసుపత్రిలో రాసిచ్చారు. తండ్రి చెన్నైలో కట్టుబడి పనికి వలస వెళ్లాడు, తల్లి ఇక్కడే కూలికి పోతుంది. ఇంజెక్షన్ ఖరీదు పెద్దదేమీ కాదు. అయితే దగ్గరి ఆరోగ్య కేంద్రంలో ఆ మందు ఒక్కోసారి ఉండదు, ఉన్నా రియాక్షన్ వస్తుందేమోనని వేయడానికి వెనకాడతారు. పట్టణానికి వెళితే తల్లికి కూలి, పిల్లకు బడి పోతాయి. అలా తప్పిపోయిన ఇంజెక్షన్లు ఎన్నో ఉన్నాయి. రేపు ఆ కవాటం పూర్తిగా చెడితే దాన్ని మార్చే ఆపరేషన్‌కు లక్షలు ఇవ్వడానికి పథకం సిద్ధంగా ఉంది. చెడకుండా కాపాడే ఇంజెక్షన్ బాధ్యత మాత్రం ఎవరి పద్దులోనూ లేదు.

ఆరోగ్య కవరేజీ అనే మాటను పిల్లల విషయంలో ప్రభుత్వాలు ఆసుపత్రిలో చేరిన రోజులకే పరిమితం చేస్తున్నాయని నాకు అనిపిస్తోంది. వైద్యరంగంలో ఉన్నవారు, పిల్లల జబ్బుతో పోరాడుతున్న తల్లిదండ్రులు తమ అనుభవం చెబితే బాగుంటుంది.

శిశువైద్యుడు, ఉత్తరాంధ్ర:

టీచరు గారూ, మీరు ఎంచుకున్న ఉదాహరణ చాలా సరైనది. గొంతునొప్పితో మొదలయ్యే ఇన్ఫెక్షన్‌కు సరైన మందు పడకపోతే 5 నుంచి 15 ఏళ్ల మధ్య పిల్లల్లో కొందరికి కీళ్లవాతపు జ్వరం వస్తుంది, అది మళ్లీ మళ్లీ తిరగబెట్టిన కొద్దీ కవాటాలు బిరుసెక్కిపోతాయి. తిరగబెట్టకుండా ఉండాలంటే బెంజథైన్ పెన్సిలిన్‌ను మూడు, నాలుగు వారాలకొకసారి ఏళ్ల తరబడి ఇవ్వాలి. గుండె దెబ్బతిన్న పిల్లలకు కనీసం పదేళ్లు లేదా 21 ఏళ్లు నిండే వరకు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అంతకాలం ఇవ్వాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. కవాటం తీవ్రంగా చెడినవారికి ఇంకా ఎక్కువ కాలం.

రియాక్షన్ భయం నిజమే, కానీ తీవ్రమైన రియాక్షన్ చాలా అరుదు. అడ్రినలిన్ ఇంజెక్షన్ చేతికందేలా పెట్టుకొని, ఇచ్చిన తరువాత అరగంట కూర్చోబెడితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నిస్సంకోచంగా వేయవచ్చు. సిబ్బందికి కావలసింది శిక్షణ, ఏదైనా జరిగితే పై అధికారి తమ పక్షాన నిలబడతాడన్న భరోసా. ఈ రెండింటికీ ప్యాకేజీ రేటు, అంటే పథకం ఒక్కో చికిత్సకు చెల్లించే నిర్ణీత మొత్తం లేదు. లేనందువల్లే ఎవరూ పట్టించుకోవడం లేదని నేను అనను, కానీ ఒక పనికి డబ్బూ జవాబుదారీ లేనప్పుడు ఆ పని చివరికి ఎవరిదీ కాకుండా పోతుంది.

కృత్రిమ కవాటం అమర్చడంతోనూ కథ ముగియదు. లోహపు కవాటం ఉన్న పిల్ల జీవితాంతం రక్తాన్ని పలుచన చేసే మాత్ర వేసుకోవాలి, రక్తం ఎంత త్వరగా గడ్డకడుతోందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష తరచుగా చేయించుకోవాలి. ఆడపిల్ల అయితే పెళ్లి, గర్భం అనే దశల్లో ఆ మాత్రే పెద్ద సమస్య అవుతుంది. కవాటం మార్పిడిని విజయవంతమైన చికిత్సగా లెక్కించే జాబితాలో ఆ అమ్మాయి ఇరవై ఏళ్ల జీవితం కనిపించదు.

పాత ఆరోగ్యమిత్ర:

నేను ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవకు మూలమైన ఆరోగ్యశ్రీ పథకం తొలినాళ్లలో ఆరోగ్యమిత్రగా, అంటే ఆసుపత్రిలో రోగులకు పథకం అందేలా చూసే ఉద్యోగిగా పనిచేశాను. కొత్తవారి కోసం కొంత చరిత్ర చెబుతాను, ఎందుకంటే ఈ పథకం పుట్టుకలోనే పిల్లలున్నారు. 2004 తరువాత ముఖ్యమంత్రి సహాయనిధికి వచ్చిన అర్జీల్లో పిల్లల గుండె ఆపరేషన్లవి పెద్ద సంఖ్యలో ఉండేవి. వాటికి విడివిడిగా సాయం చేసిన అనుభవం నుంచే రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీని ప్రారంభించింది. తెల్లకార్డున్న కుటుంబానికి లక్షన్నర, అవసరమైతే అదనంగా మరో యాభై వేలు. 2008 నాటికి అప్పటి 23 జిల్లాలకూ విస్తరించింది.

తొలి దశలో దాన్ని నడిపింది స్టార్ హెల్త్ అనే బీమా సంస్థ. ప్రభుత్వం ప్రీమియం కట్టేది, కంపెనీ క్లెయిములు చెల్లించేది. తరువాత ట్రస్టే నేరుగా చెల్లించే పద్ధతి వచ్చింది. కాబట్టి హైబ్రిడ్ విధానంలో బీమా భాగం ఈ నేలకు కొత్త ప్రయోగమేమీ కాదు. దాన్ని ఎందుకు వదిలి ట్రస్టుకు మారారో ఆనాటి కాగితాలు తీసి చూడాల్సిన బాధ్యత ఇప్పటి అధికారులకు ఉంది.

టీచరు గారి మాటకు ఒక చిన్న సవరణ. ఆపరేషన్ తరువాత ఏమీ ఇవ్వరన్నట్టు ఎవరూ అనుకోకూడదు. ఎంపిక చేసిన కొన్ని చికిత్సలకు డిశ్చార్జి తరువాత ఏడాది పాటు పరీక్షలు, మందులు ఇచ్చే ఫాలోఅప్ ప్యాకేజీలు ఆరోగ్యశ్రీలో ఉండేవి. మేము ఫోన్ చేసి రోగులను పిలిపించేవాళ్లం. అయితే శ్రీకాకుళం ఏజెన్సీ నుంచి విశాఖకు రావడానికి బస్సు చార్జీలు, తోడు వచ్చేవారి తిండి ఖర్చు కుటుంబమే పెట్టుకోవాలి, అందువల్ల రెండో విడతకు చాలామంది వచ్చేవారు కారు. హక్కు కాగితం మీద ఉన్నా దాన్ని అందుకోవడానికి అయ్యే ఖర్చు పేద కుటుంబానికి పెద్దదే.

బెజవాడ వాసి:

చర్చ మంచి దిశలో సాగుతోంది, కానీ ఒక భిన్నాభిప్రాయం నమోదు చేయాలనుకుంటున్నాను. ఏ ప్రభుత్వమైనా ముందుగా కుటుంబాన్ని ఆస్తులు అమ్ముకోకుండా కాపాడాలి. జలుబుకు, దగ్గుకు అయ్యే ఖర్చుతో ఎవరి ఇల్లూ కూలిపోదు. గుండె ఆపరేషన్, క్యాన్సర్, కాలిన గాయాలు కూలుస్తాయి. పరిమితమైన నిధులు ఉన్నప్పుడు పెద్ద దెబ్బ నుంచి కాపాడటానికే వాటిని వాడటం న్యాయం. అవుట్ పేషెంట్ వైద్యాన్ని కూడా బీమాలో చేర్చితే దొంగ బిల్లులు వెల్లువెత్తుతాయి, ఇప్పటికే బకాయిలు చెల్లించలేదని పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆసుపత్రులు పదేపదే సేవలు నిలిపివేస్తున్న రాష్ట్రంలో పథకం మొత్తానికే ముప్పు వస్తుంది. ముందు ఉన్న హామీని నిలబెట్టుకోవాలి, ఆ తరువాతే కొత్త హామీ.

బీమా కంపెనీ వస్తే ఆసుపత్రులకు డబ్బు సకాలంలో అందుతుందన్న ఆశ కూడా ఉంది. అనుమతులు ఆరు గంటల్లో ఇస్తామని ప్రభుత్వం చెబుతోంది. గుండెజబ్బు ఉన్న పసిబిడ్డకు ఆ వేగం ప్రాణంతో సమానం.

లెక్కల పద్దు:

బెజవాడ వాసి గారి వాదనలో బలం ఉంది, అందుకే దానికి ఓపికగా జవాబు చెప్పాలి. నేను ఆరోగ్య వ్యయాల మీద పనిచేస్తున్నాను.

జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో మొత్తం ఆరోగ్య వ్యయంలో ప్రజలు జేబు నుంచి పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం, 2021-22లో 39.4 శాతం. ఇది నిజమైన మెరుగుదలే. అయినా ఇప్పటికీ మిగిలిన జేబు ఖర్చులో మందులు, పరీక్షలు, డాక్టరు ఫీజులు, అంటే ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యమే ప్రధానమైన భాగం. కేంద్రం 2018 సెప్టెంబరులో తెచ్చిన ఆయుష్మాన్ భారత్ కూడా కుటుంబానికి 5 లక్షల వరకు ఆసుపత్రిలో చేరిన వైద్యాన్నే భరిస్తుంది, డిశ్చార్జి తరువాత 15 రోజుల మందులతో దాని బాధ్యత తీరిపోతుంది.

పెద్ద దెబ్బ, చిన్న దెబ్బ అనే విభజన పెద్దవారి జబ్బులకు కొంత నప్పుతుందేమో. పిల్లల జబ్బులకు అది సరిపడదు. పిల్లల్లో కుటుంబాన్ని కుంగదీసేవి చాలావరకు నెలనెలా వచ్చే చిన్న ఖర్చులు. తలసీమియా ఉన్న బిడ్డకు మూడు నాలుగు వారాలకొకసారి రక్తం, ఒంట్లో పేరుకున్న ఇనుమును బయటికి పంపే మాత్రలు, మూర్ఛ ఉన్న బిడ్డకు రోజూ మందు, మెదడు పక్షవాతం ఉన్న బిడ్డకు వారంలో రెండు మూడు రోజులు ఫిజియోథెరపీ. వీటిలో ఏ ఒక్క బిల్లూ బీమా కంపెనీ కంటికి ఆనదు, పదేళ్ల పాటు కలిపి చూస్తే మాత్రం చిన్న రైతు ఎకరం పొలం వీటికే పోతుంది.

రెండో విషయం. బీమా కంపెనీకి ఒప్పందం సాధారణంగా ఏడాదికో, రెండుమూడేళ్లకో ఉంటుంది. ఈ ఏడాది పెన్సిలిన్ వేస్తే ఎనిమిదేళ్ల తరువాత తప్పే ఆపరేషన్ వల్ల ఆ కంపెనీకి లాభం లేదు, అప్పటికి ఆ పాలసీ వేరొకరి చేతిలో ఉంటుంది. నివారణ వల్ల లాభపడేది ప్రభుత్వం ఒక్కటే. అందువల్ల నివారణ, దీర్ఘకాలపు సంరక్షణ బీమా భాగంలోకి కాక ట్రస్టు భాగంలోకి, నేరుగా ప్రభుత్వ ఆసుపత్రుల బడ్జెట్‌లోకి రావాలి. దొంగ బిల్లుల భయానికి కూడా ఇదే విరుగుడు, ఎందుకంటే మందును ప్రభుత్వమే టోకుగా కొని ప్రభుత్వ కేంద్రంలో ఇస్తే బిల్లు పెట్టే ప్రైవేటు వ్యక్తి మధ్యలో ఉండడు.

వినికిడి నాన్న (ఒంగోలు):

మా అబ్బాయి పుట్టుచెవుడు. మాది మేనరికం. బాబుకు ఏడాదిన్నర వచ్చేదాకా మాకు తెలియలేదు, పేరు పెట్టి పిలిస్తే తిరగడం లేదంటే అల్లరి అనుకున్నాం. పరీక్షల తరువాత కాక్లియర్ ఇంప్లాంట్, అంటే వినబడేలా చెవి లోపల అమర్చే పరికరం పెట్టాలన్నారు. పథకం కిందే చేశారు, అంత ఖరీదైన పరికరాన్ని నా సంపాదనతో నేను ఈ జన్మలో కొనలేను. ఆ మేలు మరువను. తొలి ఏడాది మాట నేర్పే థెరపీ కూడా పథకంలోనే ఇచ్చారు.

ఆ తరువాతి సంగతి చెప్పాలి. ఇంప్లాంట్‌లో లోపల ఉండే భాగం ఒకటి, చెవి వెనుక పెట్టుకునే ప్రాసెసర్ ఒకటి. బయటి ప్రాసెసర్‌కు బ్యాటరీలు అయిపోతాయి, కేబుల్ తెగుతుంది, కాయిల్ పాడవుతుంది. గ్యారంటీ ముగిశాక ఇవన్నీ మేమే కొనాలి. కేబుల్ తెగిన రోజు నుంచి కొత్తది వచ్చేదాకా మా వాడు మళ్లీ నిశ్శబ్దంలోకి వెళ్లిపోతాడు. ఏడాది థెరపీతో మాటలు పూర్తిగా రావు. మా ఊళ్లో స్పీచ్ థెరపిస్టు లేరు, వారానికి రెండుసార్లు పట్టణానికి తీసుకుపోవడం కోసం నా భార్య ఉద్యోగం మానేసింది. ఇలాంటి ఇంట్లో ఒకరి సంపాదన ఆగిపోవడం దాదాపు ఖాయం, అది సాధారణంగా తల్లి సంపాదనే.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 చివర్లో వచ్చిన ఆరోగ్య ఆసరాలో ఆపరేషన్ తరువాత కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5,000 ఇచ్చేవారు. ఆ ఆలోచన నాకు నచ్చింది. కోలుకునే వ్యక్తి పసివాడైతే పనికి పోలేనిది తల్లి కాబట్టి, అలాంటి భృతిని థెరపీ నడిచినంత కాలం తల్లికి ఇచ్చే ఏర్పాటు ఉండాలని నా కోరిక.

శిశువైద్యుడు, ఉత్తరాంధ్ర:

వినికిడి నాన్న గారూ, మీరు రాసినది చదివి చాలా బాధ కలిగింది, మీ బాబు మాటలు బాగా రావాలని కోరుకుంటున్నాను. ఏడాదిన్నర దాకా తెలియకపోవడం మీ లోపం కాదు. పుట్టిన మొదటి రోజుల్లోనే చెవి పరీక్ష చేసే చిన్న యంత్రం ప్రతి ప్రసూతి ఆసుపత్రిలో ఉండాలి. వినికిడి లోపాన్ని మూడు నెలల్లో నిర్ధారించి ఆరు నెలల్లో యంత్రం పెట్టించడం వైద్యులు పాటించాల్సిన ప్రమాణం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 96 శాతానికి పైగా ప్రసవాలు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. అంటే దాదాపు ప్రతి బిడ్డా పుట్టిన రోజున మన చేతుల్లోనే ఉంటుంది. అయినా ఆ పరీక్ష చేయకుండా ఇంటికి పంపుతున్నాం.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం సరిగ్గా ఈ ఖాళీని పూడ్చడానికే వచ్చింది. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, బాల్యపు జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం అనే నాలుగింటిని పుట్టిన నాటి నుంచి 18 ఏళ్ల వరకు వెతకాలన్నది దాని లక్ష్యం. ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక ఏఎన్ఎం, ఒక ఫార్మసిస్టు ఉన్న సంచార బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి వెళ్లాలి. దొరికిన పిల్లలను జిల్లాలోని సత్వర చికిత్స కేంద్రానికి, అంటే డీఈఐసీకి పంపాలి. అక్కడ పిల్లల వైద్యుడు, ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు ఒకే కప్పు కింద ఉండాలి. కాగితం మీద ఇంతకంటే మంచి పథకాన్ని నేను ఊహించలేను. ఆచరణలో థెరపిస్టుల పోస్టులు ఖాళీగా ఉంటాయి, ఉన్నవారు కాంట్రాక్టు జీతం మీద ఉండి మంచి అవకాశం రాగానే వెళ్లిపోతారు.

వంకర పాదాల ఉదాహరణ చూడండి. పుట్టిన కొద్ది వారాల్లో తీసుకొస్తే వారానికొక పిండికట్టు చొప్పున ఐదారు కట్లతో, ఒక చిన్న కోతతో పాదం తిన్నగా అవుతుంది, పెద్ద ఆపరేషన్ అక్కర్లేదు. కానీ ఆ తరువాత నాలుగేళ్ల పాటు రాత్రిపూట ప్రత్యేకమైన బూట్లు వేయాలి. బూట్లు బిగువై కొత్తవి దొరక్క మానేసిన పిల్లల్లో పాదం మళ్లీ వంకర తిరుగుతుంది. అప్పుడు చేసే ఆపరేషన్‌కు ప్యాకేజీ ఉంటుంది.

పాలమూరు అంగన్‌వాడీ టీచరు:

నమస్కారం. నేను తెలంగాణ నుంచి రాస్తున్నాను. ఇక్కడ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరు 9న పది లక్షలకు పెంచారు. మా కేంద్రానికి వచ్చే పిల్లల తల్లులకు ఆ సంగతి తెలుసు. అయితే మా దగ్గర పెద్ద చిక్కు పరిమితి కాదు, కార్డు. చాలా ఏళ్ల పాటు కొత్త ఆహార భద్రత కార్డులు ఇవ్వలేదు. ఆ కాలంలో పెళ్లి చేసుకొని వేరుపడిన జంటలకు కార్డు లేదు, వారి పిల్లల పేర్లు ఎక్కడా ఎక్కలేదు. 2025లో కొత్త కార్డులు ఇవ్వడం మొదలైంది, అది చాలామందికి ఊరట. కానీ ఆరోగ్య హక్కు బియ్యం కార్డుకు ముడిపడి ఉన్నంత కాలం ఇలాంటి గండం మళ్లీ రావచ్చు. బిడ్డ పుట్టిన రోజున జనన ధ్రువపత్రంతో పాటే ఆరోగ్య కార్డు కూడా ఇవ్వాలి.

వలస సంగతి కూడా చెప్పాలె. మా ఊళ్ల నుంచి ముంబై, పుణె పోయే కుటుంబాలు చంటిపిల్లలను వెంట తీసుకుపోతాయి. అక్కడ టీకా కార్డు పోతుంది, బరువు చూసేవారుండరు, తిరిగి వచ్చేసరికి బిడ్డ పోషణ లోపంలోకి జారి ఉంటుంది. తీవ్రంగా బరువు తగ్గిన పిల్లలను పోషకాహార పునరావాస కేంద్రానికి పంపిస్తాం, అక్కడ రెండు వారాలు ఉండాలి. తల్లికి కూలి పరిహారం ఇస్తారు. ఇంటి దగ్గర ఇంకో ఇద్దరు పిల్లలున్న తల్లి ఎలా ఉండగలదు? చాలామంది మూడో రోజునే సంచి సర్దుకొని వచ్చేస్తారు. వారిని తప్పుపట్టలేను.

డాక్టరు గారు చెప్పిన సర్వేలోనే తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉందని, ఆంధ్రలో 63.2 శాతం అని ఉంది. రక్తహీనతకు ఏ ఆసుపత్రిలో చేరతారు? మేమిచ్చే బాలామృతం, గుడ్డు, ఐరన్ మందు, పురుగుల మాత్ర, ఇవే దానికి వైద్యం. ఆరోగ్య విధానం గురించి మాట్లాడేటప్పుడు అంగన్‌వాడీని ఆ లెక్కలో చేర్చరు. మా గుడ్ల బిల్లు ఆలస్యమైతే అది ఆరోగ్య వార్త కాదు, ఆసుపత్రి బిల్లు ఆలస్యమైతే మొదటి పేజీ వార్త.

బెజవాడ వాసి:

మీ అందరి మాటలు శ్రద్ధగా చదివాను. మందును ప్రభుత్వమే కొని ప్రభుత్వ కేంద్రంలోనే ఇవ్వాలన్న లెక్కల పద్దు గారి సూచనతో నాకు పేచీ లేదు, నేను భయపడింది ప్రైవేటు అవుట్ పేషెంట్ బిల్లుల గురించి. అయితే ప్రభుత్వ కేంద్రాల్లో సిబ్బందే లేరని డాక్టరు గారే అంటున్నారు. లేని సిబ్బంది మీద కొత్త బాధ్యత పెడితే ఏమవుతుంది? ఎక్కడైనా దీన్ని చేసి చూపించారా?

శిశువైద్యుడు, ఉత్తరాంధ్ర:

చూపించారు. కేరళలో 2017 నుంచి హృద్యం అనే కార్యక్రమం నడుస్తోంది. ఏ ఆసుపత్రిలోనైనా గుండెలోపంతో బిడ్డ పుట్టినట్టు తెలియగానే వివరాలు ఆన్‌లైన్‌లో నమోదు చేస్తారు, నిపుణులు జబ్బు తీవ్రతను బట్టి ఎవరికి ఎంత త్వరగా ఆపరేషన్ కావాలో నిర్ణయిస్తారు, ఏ ఆసుపత్రిలో ఖాళీ ఉందో చూసి పంపిస్తారు, ఆపరేషన్ తరువాత కూడా బిడ్డ ఎదుగుదలను గమనిస్తారు. ఇది పూర్తిగా కొత్త వ్యవస్థ కాదు, నేను పైన చెప్పిన బాల స్వాస్థ్య కార్యక్రమంలో భాగంగానే చేశారు. వెయ్యి మంది శిశువుల్లో ఎనిమిది నుంచి పది మందికి ఏదో ఒక గుండెలోపం ఉంటుంది. వారిలో కొందరికి మొదటి నెలలోనే ఆపరేషన్ కావాలి. తల్లిదండ్రులు వెతుక్కుంటూ వచ్చే పద్ధతిలో ఆ బిడ్డలు బతకరు, వ్యవస్థే వారిని వెతకాలి.

2020 లెక్కల ప్రకారం శిశు మరణాలు వెయ్యి జననాలకు కేరళలో 6, తెలంగాణలో 21, ఆంధ్రప్రదేశ్‌లో 24. ఆ తేడా అంతా ఒక్క కార్యక్రమం వల్ల వచ్చినది కాదు, దశాబ్దాల ఆడవారి చదువు, ఊరూరా ఉన్న ఆరోగ్య కేంద్రాలు దాని వెనుక ఉన్నాయి. కానీ మనకూ వైద్యులున్నారు, తిరుపతిలో పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం 2021 నుంచి పనిచేస్తోంది, హైదరాబాదులో 1953 నుంచి నిలోఫర్ ఉంది. లేనిది బిడ్డ పేరు మీద తెరిచి, పద్దెనిమిదేళ్లు నిండేదాకా మూయకుండా ఉంచే రికార్డు.

ఇన్సులిన్ అమ్మ (కర్నూలు):

ఈ చర్చను ఆలస్యంగా చూశాను. మా పాపకు తొమ్మిదేళ్లు, టైప్ 1 మధుమేహం. రోజుకు నాలుగు ఇన్సులిన్ ఇంజెక్షన్లు, చక్కెర చూసే స్ట్రిప్పులు రోజుకు నాలుగైదు. మొదటిసారి స్పృహ తప్పి ఐసీయూలో చేరినప్పుడు పథకం ఆదుకుంది. ఇంటికి వచ్చిన మరునాటి నుంచి ఖర్చంతా మాదే. నా భర్త ఆటో నడుపుతారు. నెలాఖరున స్ట్రిప్పులు తగ్గించుకుంటాం, అంటే పాప చక్కెర ఎంతో తెలియకుండానే ఇన్సులిన్ వేస్తాం. అది ఎంత ప్రమాదమో నాకు తెలుసు.

వికలాంగుల హక్కుల చట్టంలో తలసీమియా, సికిల్ సెల్, హీమోఫీలియా అనే రక్తపు జబ్బులు ఉన్నాయని, వాటికి పింఛను కూడా వస్తుందని తెలిసింది. ఆ బిడ్డలకు అది అందాలి. మా పాప జబ్బు ఆ జాబితాలో లేదు. బడిలో మధ్యాహ్నం ఇంజెక్షన్ వేయడానికి నేను రోజూ వెళ్లాలి, ఎక్కడా పనికి కుదురుకోలేకపోతున్నాను. డాక్టరు గారూ, మాలాంటి వారికి ప్రస్తుతం ఏదైనా దారి ఉందా?

లెక్కల పద్దు:

అమ్మా, మీ ప్రశ్నకు డాక్టరు గారు చెబుతారు. విధానం వైపు నుంచి ఒక మాట. కేరళ ప్రభుత్వం మిఠాయి అనే కార్యక్రమం కింద టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలకు ఇన్సులిన్ పెన్నులు, స్ట్రిప్పులు, కొందరికి పంపులు కూడా ఉచితంగా ఇస్తోంది. రాష్ట్రం మొత్తంలో ఈ పిల్లలు కొన్ని వేలకు మించరు కాబట్టి ఏ రాష్ట్ర ఖజానాకూ ఇది మోయలేని భారం కాదు.

హైబ్రిడ్ విధానం ఒప్పందాలు ఖరారయ్యే ముందు మూడు అంశాలు అడగవచ్చునని నా అభిప్రాయం. బీమా కంపెనీ వసూలు చేసిన ప్రీమియంలో క్లెయిములకు చెల్లించగా నిర్ణీత శాతానికి మించి మిగిలితే ఆ మొత్తం ప్రభుత్వానికి తిరిగి రావాలి, వచ్చిన డబ్బు పిల్లల దీర్ఘకాల సంరక్షణ నిధికి పోవాలి. రెండోది, పిల్లల ఆపరేషన్ ప్యాకేజీల్లో ఫాలోఅప్‌ను ఏడాదితో ఆపకుండా జబ్బు స్వభావాన్ని బట్టి పొడిగించాలి, విడిభాగాలు, థెరపీ, ప్రయాణ ఖర్చు అందులో చేరాలి. మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం: 2.5 లక్షల గీత దగ్గర బిడ్డ నలగకూడదు. ఒక క్యాన్సర్ బిడ్డ చికిత్స కీమోథెరపీ విడతల మధ్యలో ఆ పరిమితి దాటుతుంది. ఆ రోజు ఫైలు కంపెనీ నుంచి ట్రస్టుకు మారేటప్పుడు కొత్త అనుమతి, కొత్త కాగితాలు అంటే తరువాతి విడత ఆలస్యమవుతుంది. పిల్లల రక్త క్యాన్సర్‌లో విడతల మధ్య జాప్యం నయమయ్యే అవకాశాన్నే తగ్గిస్తుంది. కుటుంబానికి ఆ గీత అసలు కనిపించకూడదు, కంపెనీ, ట్రస్టు తమ లెక్కలు తరువాత తేల్చుకోవాలి.

పాత ఆరోగ్యమిత్ర:

మూడో అంశం చాలా అవసరం. పరిమితి దాటిన కేసులతో ఆసుపత్రి కౌంటరు దగ్గర నిలబడ్డ తల్లిదండ్రుల ముఖాలు నేను చూశాను. నాలుగోది నేను కలుపుతాను. పిల్లల కేసులకు ప్రత్యేకంగా ఒక ఆరోగ్యమిత్ర ఉండాలి, డిశ్చార్జితో ఆమె పని ముగియకూడదు. ఆ ఊరి ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, బడి టీచరు ఫోన్ నంబర్లు ఆమె దగ్గర ఉండాలి. టీచరు గారి విద్యార్థినికి మూడు వారాలు దాటిందని గుర్తుచేయడానికి డాక్టరే అక్కర్లేదు, అది తన పని అని జీతం తీసుకునే ఒక్క మనిషి చాలు.

శిశువైద్యుడు, ఉత్తరాంధ్ర:

ఇన్సులిన్ అమ్మ గారూ, మీ ప్రశ్నకు వస్తున్నాను. ఇన్సులిన్ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది, కాబట్టి ప్రభుత్వ బోధనాసుపత్రిలో పిల్లల విభాగం ఓపీకి వెళ్లి పాప పేరుతో నమోదు చేయించి నెలకు సరిపడా ఇవ్వమని అడగండి. రెండు రకాలు కలిపిన ఇన్సులిన్ మాత్రమే ఉందని అంటే, పిల్లలకు విడివిడి రకాలు అవసరమని మీ డాక్టరు చేత రాయించుకొని సూపరింటెండెంటుకు అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి. స్థానిక కొనుగోలు కింద తెప్పించే అధికారం ఆయనకు ఉంటుంది. స్ట్రిప్పులు దొరకడం కష్టం, అయినా అదే అర్జీలో వాటినీ రాయండి. రాతపూర్వకంగా వచ్చిన అవసరమే వచ్చే ఏడాదికి మందులు తెప్పించే ఇండెంటులో లెక్కకు వస్తుంది. చక్కెర చూడకుండా మామూలు మోతాదు వేయడం మాత్రం దయచేసి వద్దు, అలాగని ఇన్సులిన్ మానేయడమూ వద్దు. స్ట్రిప్పులు తక్కువగా ఉన్న రోజుల్లో ఏ సమయాల్లో తప్పనిసరిగా చూడాలో మీ డాక్టరును అడిగి రాయించుకోండి. బడిలో ఇంజెక్షన్ గురించి ప్రధానోపాధ్యాయుడికి కూడా డాక్టరు లేఖ ఇవ్వండి. తొమ్మిదేళ్ల పాప పెద్దవారి పర్యవేక్షణలో తానే వేసుకోవడం నేర్చుకోగలదు.

గంటస్తంభం టీచరు (విజయనగరం):

డాక్టరు గారూ, మా బడిలో ఒక టీచరు ఆ పర్యవేక్షణకు ఒప్పుకుంటారని నేను హామీ ఇవ్వగలను. కర్నూలులోని ఆ బడిలో కూడా ఒకరు ముందుకు వస్తారని ఆశిస్తున్నాను.

పైన వచ్చిన నాలుగు అంశాలకు పాలమూరు టీచరు గారు చెప్పిన జనన ధ్రువపత్రంతోనే ఆరోగ్య కార్డు అన్నదాన్ని ఐదోదిగా చేర్చి వినతిపత్రం ముసాయిదా రాస్తున్నాను. ఆంధ్రకు, తెలంగాణకు వేర్వేరుగా ఉండాలి, ఎందుకంటే బీమా ఒప్పందం సంగతి ఒకచోటే వర్తిస్తుంది. పెన్సిలిన్ గురించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు జారీ చేయాల్సిన ఆదేశంలో ఏమేమి ఉండాలో డాక్టరు గారు, ప్రీమియం వాపసు షరతు ఎలా రాయాలో లెక్కల పద్దు గారు పంపితే ఇదే చర్చలో ముసాయిదా పెడతాను. బెజవాడ వాసి గారు దాన్ని విమర్శకుడి దృష్టితో చదివి, ఖర్చు విషయంలో ఎక్కడ బలహీనంగా ఉందో చెప్పాలని కోరుతున్నాను.